తిరుపతి లాడ్జి రూముకు యాత్రికుల పన్ను వేయాలంటే ఎవరు వేయాలి, మనల్ని ఎవరు అడగాలి?

రూమ్ కీ (తిరుపతి) అడిగారు:

అన్నలకు, సార్లకు నమస్కారం. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మాకో చిన్న లాడ్జి ఉండాది. గోవిందరాజస్వామి గుడికి నడిచి పోవచ్చు. మా దగ్గరికి వచ్చేది పెద్ద పార్టీలు కాదు. తెల్లారుజామున ట్రైను దిగి "స్నానానికి రెండు గంటలు రూమ్ ఇస్తారా సామీ" అని అడిగేవాళ్లు, కొండ దిగి గుండుకు గంధం పూసుకుని వచ్చి పడుకునేవాళ్లు. దిండు గలీబుల మీద ఆ గంధం మరక ఏ సబ్బుకూ పోదు, అది వేరే కథ.

విషయానికి వస్తా. మా బావమరిది ఎడిన్‌బరోలో ఒక గెస్ట్‌హౌస్‌లో పని చేస్తాడు. ఆ ఊళ్లో 2026 జులై 24 నుంచి రూమ్ అద్దె మీద 5 శాతం టూరిస్టు పన్ను అంట. వాళ్ల ఓనరమ్మ ఆ బిల్లు పార్లమెంటు కమిటీ ముందర ఉన్నప్పుడే తన గోడు మొత్తం రాసి పంపిందంట. ఆ కాగితం ఎవరైనా నెట్లో చదువుకోవచ్చంట. వింటే ఒకపక్క నవ్వొచ్చింది, ఒకపక్క కుళ్లొచ్చింది.

ఎందుకంటే మా లాడ్జీలోళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతాంది, తిరుపతికి వచ్చే యాత్రికుడికి రాత్రికి ఇంతని పన్ను పడబోతాందని. ఫార్వర్డులు నేను నమ్మను. కానీ నిజంగా వేయాలనుకుంటే ఎవరు వేయొచ్చు? ఢిల్లీలో పార్లమెంటా, అమరావతిలో అసెంబ్లీనా, మన కార్పొరేషనా? వేసేముందు మాబోటోళ్లని ఎవరన్నా అడుగుతారా? 2025 సెప్టెంబరులో రూమ్ జీఎస్టీ 12 నుంచి 5 అయిన సంగతి మా ఆడిటర్ ఫోన్ చేసి చెప్తే తెలిసింది. అది పార్లమెంటులో పాసయ్యి వచ్చిందేనా?

పాత సీటీఓ (చిత్తూరు) జవాబు:

నాయనా, నేను కమర్షియల్ ట్యాక్స్ శాఖలో రిటైరైనవాణ్ణి. రూమ్ అద్దె మీద రాష్ట్రం లగ్జరీ ట్యాక్స్ వేసే రోజుల్లో మీ లాడ్జీల రిజిస్టర్లు తిరగేసినవాణ్ణి కూడా. కోపం పెట్టుకోవద్దు.

పన్ను ఎవరు వేస్తారనేది యాత్రికుడు మన ఊరికి ఎట్లా వచ్చాడన్న దాని మీద ఉంటుంది. ఏ పన్ను కేంద్రానిది, ఏది రాష్ట్రానిది అని రాజ్యాంగంలో జాబితాలు ఉన్నాయి. ట్రైన్లో వచ్చినవాడి మీద టెర్మినల్ ట్యాక్స్ (ప్రయాణం మొదలయ్యే, ముగిసే చోట వేసే పన్ను) వేసే అధికారం కేంద్ర జాబితా 89వ ఎంట్రీలో ఉంది, అంటే పార్లమెంటుదే. ఇదేదో పుస్తకంలో పడి ఉన్న మాట అనుకోవద్దు. పుణ్యక్షేత్రాలకు, మేళాలకు రైల్లో వచ్చిపోయేవాళ్ల మీద టెర్మినల్ పన్ను వేయడానికని 1956లోనే పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. యాత్రికుడి జేబు ఆ కాలంలోనే వాళ్ల కంట్లో పడింది. బస్సులోనో వ్యానులోనో వచ్చినవాడైతే రాష్ట్ర జాబితా 56వ ఎంట్రీ, అది అసెంబ్లీ చేతిలో పని.

మీ రూములోకి అడుగు పెట్టాక లెక్క వేరు. పాత లగ్జరీ ట్యాక్స్ రాష్ట్ర జాబితా 62వ ఎంట్రీ కింద వసూలయ్యేది. జీఎస్టీ కోసం చేసిన 101వ రాజ్యాంగ సవరణలో ఆ ఎంట్రీని కత్తిరించి, పంచాయతీలు, మున్సిపాలిటీల్లాంటి స్థానిక సంస్థలు వసూలు చేసుకునే వినోదపు పన్ను ముక్క మాత్రం మిగిల్చారు. 2017 జులై 1 నుంచి రూమ్ అద్దె జీఎస్టీలోకి పోయింది. మున్సిపాలిటీ ఏ పన్ను వేయాలన్నా 243ఎక్స్ అధికరణ ప్రకారం ముందు అసెంబ్లీ చట్టంలో అనుమతి ఉండాలి. రూమ్ అద్దె మీద జీఎస్టీ కాకుండా ఇంకో పన్ను వేసే దారి అసెంబ్లీకే మూసుకుపోతే, కార్పొరేషన్‌కు ఏం రాసిస్తుంది?

ఇక నీ 12 నుంచి 5. అది బిల్లుగా పార్లమెంటుకు రాలేదు. 2017 సీజీఎస్టీ చట్టం తొమ్మిదో సెక్షన్‌లో పార్లమెంటు ఒక హద్దు గీసి వదిలింది: కేంద్రం వాటా పన్ను 20 శాతం దాటకూడదు. దాని లోపల ఎంత అనేది కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కూర్చునే జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు చేస్తుంది, నోటిఫికేషన్ వస్తుంది. 2025 సెప్టెంబరు 3న కౌన్సిల్ 56వ సమావేశం, 22 నుంచి అమలు. మూడు వారాలు కూడా లేదు. కౌన్సిల్‌లో కేంద్రానికి మూడింట ఒక వంతు ఓటు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు, ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. ఆ సిఫారసులు ప్రభుత్వాలు తప్పక పాటించాల్సినవి కావని 2022 మేలో మోహిత్ మినరల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆచరణలో రేటు నిర్ణయమయ్యేది ఆ గదిలోనే.

7500 లోపు రూముకు 5 శాతం అయింది గానీ ఇన్‌పుట్ క్రెడిట్, అంటే నువ్వు కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని నువ్వు కట్టాల్సిన దాంట్లో తగ్గించుకునే వీలు, పోయింది. నువ్వు కొత్తగా ఏసీ కొంటే దాని మీద కట్టిన 18 శాతం ఇప్పుడు నీ నెత్తి మీదే. కస్టమర్ బిల్లు తగ్గింది, నీ ఖర్చు పెరిగింది. పార్లమెంటు కమిటీలో ఎవరో ఒక సభ్యుడు "మరి ఏసీ పెట్టించుకునే చిన్న లాడ్జివాడి సంగతేంది" అని అడగాల్సిన ప్రశ్న ఇదే. బిల్లే లేనప్పుడు అడిగే చోటే ఉండదు.

గ్రీమ్స్‌పేట కుర్రోడు:

పెద్దాయనా, అన్నీ బాగా చెప్పినారు గానీ పార్లమెంటు సంగతి టీవీలో చూస్తాండాం కదా. అరుపులు, ప్లకార్డులు, మూజువాణి ఓటు, అయిపాయె. బిల్లు వచ్చినా ఎవురు చదివినారు, పరిశీలన యాడుండాది?

పాత సీటీఓ:

టీవీలో కనిపించేది తీర్పు రోజు. వాదన జరిగేది వేరే గదిలో, అక్కడికి కెమెరా రాదు. 2025 ఆదాయపు పన్ను బిల్లే తీసుకో. ఫిబ్రవరి 13న పెట్టారు, ఆ ఒక్క బిల్లు కోసం వేసిన 31 మంది ఎంపీల సెలెక్ట్ కమిటీకి పంపారు, జులై 21న నివేదిక వచ్చింది. ఆగస్టు 8న పాత బిల్లును వెనక్కి తీసుకుని, కమిటీ చెప్పిన మార్పులు చేర్చి 11న కొత్తది పెట్టారు. లోక్‌సభలో గొడవ మధ్య నిమిషాల్లో పాసైంది. నువ్వు చూసింది ఆ నిమిషాలే. ముందు ఐదు నెలలు ఒక్కొక్క క్లాజు పట్టుకుని కూర్చున్నది ఎవరికీ కనపడలేదు.

జీఎస్టీ పుట్టుక కూడా అంతే. 2011 నాటి సవరణ బిల్లు ఆర్థిక స్థాయీ సంఘం (ఎప్పుడూ ఉండే ఎంపీల కమిటీ) దగ్గర నలిగి 2013లో నివేదిక వచ్చింది, లోక్‌సభ గడువు తీరి బిల్లు చచ్చింది. 2014 బిల్లును రాజ్యసభ 2015లో సెలెక్ట్ కమిటీకి పంపింది. శాఖల వారీ స్థాయీ సంఘాలు 1993 నుంచి ఉన్నాయి, ఇప్పుడు 24, ఒక్కోదాంట్లో 31 మంది. అవి చెప్పింది ప్రభుత్వం వినాలనేం లేదు, ప్రతి బిల్లూ అక్కడికి పోవాలనీ లేదు. నీ అనుమానం ఆ మేరకు న్యాయమే. దానికి తోడు మనీ బిల్లు, అంటే పన్నులూ ప్రభుత్వ ఖర్చుల సంగతే ఉండే బిల్లు, అని ముద్ర పడితే రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపాల్సిందే, సవరణలు సూచించడం తప్ప చేయగలిగింది లేదు.

ఎడిన్‌బరో బావమరిది:

బావా, నా గురించి ఊరంతా చెప్పేసినావే! ఇక్కడ జరిగింది రాస్తా.

ఇది లండన్ పార్లమెంటు చేసిన చట్టం కాదు, స్కాట్లండ్ పార్లమెంటుది. బిల్లు 2023 మేలో వచ్చింది, 2024 మే 28న పాసైంది. మొదటి దశలో స్థానిక ప్రభుత్వ కమిటీ జనాన్ని అభిప్రాయాలు అడిగింది. మా ఓనరమ్మ అప్పుడే రాసింది. హోటళ్లవాళ్లు, కౌన్సిళ్లవాళ్లు కమిటీ ముందు కూర్చుని జవాబులు చెప్పడం ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఖర్చు లెక్కలు ఒక కమిటీ, మంత్రుల చేతికి ఇచ్చే అధికారాలు ఇంకో కమిటీ చూసింది. రెండో దశలో కమిటీ లైను లైనుగా సవరణలు, మూడో దశలో సభంతా ఓటు. ఇక్కడ రాజ్యసభ లాంటిది లేదు, అందుకే కమిటీల మీదే భారం.

అందరూ కొట్టుకున్నది ఒకదాని గురించే: శాతమా, తలకింతనా? మా ఓనరమ్మ తలకింత అయితే లెక్క సులువు అంటాది. 2024లో పాసైన చట్టంలో శాతమే నిలబడింది. ఎంత శాతం అనేది మాత్రం ఊరి కౌన్సిల్‌కి వదిలేశారు. కౌన్సిల్ కూడా జనాన్ని అడగాలి, నిర్ణయం తీసుకున్నాక 18 నెలలు ఆగాలి. ఎడిన్‌బరో 2025 జనవరి 24న తీసుకుంది, లెక్క వేసుకో. వరసగా ఉంటే ఐదు రాత్రుల వరకే పన్ను. ఆ డబ్బు సందర్శకులకు పనికొచ్చే వాటికే ఖర్చు పెట్టాలని చట్టంలోనే రాసినారు.

రూమ్ కీ:

మాకు మూడు వారాలు, వాళ్లకి 18 నెలలు! సరే రా. సీటీఓ సార్, పన్ను వేయలేకపోతే "ఫీజు" అని పేరు పెట్టి వసూలు చేస్తే?

పాత సీటీఓ:

మంచి ప్రశ్న వేసినావు. దానికి మన గుళ్లూ మఠాల కేసే ఉంది. 1954 శిరూరు మఠం తీర్పు. 1951 మద్రాసు ధర్మాదాయ చట్టం కింద మఠాల దగ్గర వసూలు చేసిన కాంట్రిబ్యూషన్‌ను సుప్రీంకోర్టు చూసి, చేసే సేవకూ తీసుకునే డబ్బుకూ సంబంధం లేదు, ఇది పన్నే అని కొట్టేసింది. ఆ చట్టం వచ్చేనాటికి మన చిత్తూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేదిలే. కాబట్టి ఫలానా పని చేస్తాం, దానికి ఇంత అని చూపిస్తే ఫీజు నిలబడొచ్చు. పేరు మార్చినంత మాత్రాన నిలబడదు. తర్వాతి తీర్పుల్లో కోర్టులు కొంత మెత్తబడినాయి, అది కూడా గుర్తు పెట్టుకో.

మీరు చేయగలిగింది చెప్తా. సీజీఎస్టీ చట్టం 166వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద వచ్చే ప్రతి నోటిఫికేషన్‌నూ ఉభయ సభల ముందు 30 రోజులు ఉంచాలి. దాంట్లో మార్పు కోరే హక్కు ఎంపీలకు ఉంది. వాడుకునేవాళ్లు అరుదు, ఎందుకంటే ఆ కాగితం తెచ్చి చేతిలో పెట్టేవాడు ఉండడు. కౌన్సిల్‌లో మన తరఫున కూర్చునేది రాష్ట్ర ఆర్థిక మంత్రి, కాబట్టి అసలు అర్జీ అక్కడికి పోవాలి. స్థాయీ సంఘం ఏదైనా బిల్లు మీద ప్రకటన ఇస్తే వినతి పంపండి. ఎడిన్‌బరోలో లాగా అది నెట్లో కనపడదు, కమిటీ రికార్డులో రహస్యంగా ఉంటుంది. మీటింగులూ తలుపులు మూసుకునే జరుగుతాయి. నాకు నచ్చని పద్ధతి అదొక్కటి. ఎవరేం అడిగారో బయటికి తెలిస్తేనే కదా పక్కవాడికీ రాయాలనిపిస్తుంది.

రూమ్ కీ:

సార్, మా అసోసియేషన్‌లో ఇంగ్లీషులో అర్జీ రాసేవాళ్లు లేరు. మీరు రాసిపెడతారా?

పాత సీటీఓ:

రాస్తా. ముందు ఆడిటర్ దగ్గరికి పోయి, 2025 సెప్టెంబరు 22కి ముందు ఏడాదిలో ఏసీలు, గీజర్లు, రిపేర్ల మీద ఎంత క్రెడిట్ వాడుకున్నావో, తర్వాత ఎంత పోయిందో రాయించుకుని రా. నీ ఒక్కడిదే కాదు, మీ సందులో వాళ్లందరిదీ. అంకెలు లేని అర్జీలను నేనే నా సర్వీసులో పక్కన పెట్టేసేవాణ్ణి.