టైప్ 1, టైప్ 2 పేగు బాక్టీరియా పోలిక: మెట్‌ఫార్మిన్ ప్రభావాన్ని వేరు చేసేదెలా?

హైదరాబాద్‌లో టైప్ 1, టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల మలం నమూనాలను 16ఎస్ వీ3-వీ4 సీక్వెన్సింగ్‌తో (బాక్టీరియా జన్యువులో ఒక భాగాన్ని చదివి, అవి ఏ రకాలో గుర్తించే పద్ధతి) పోల్చాలి. చిక్కల్లా షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌తోనే. టైప్ 2 వాళ్లలో దాదాపు అందరూ వాడుతున్నారు. ఆ మాత్ర తనంతట తానే పేగులో ఎషెరీషియా అనే బాక్టీరియాను పెంచుతుంది, ఇంటెస్టినిబాక్టర్ అనే మరోదాన్ని తగ్గిస్తుంది. ఇది 2015లోనే తేలింది కాబట్టి మందు చేసిన మార్పును జబ్బు ఖాతాలో రాయలేం.

రోజుకు 500 మి.గ్రా. వాడేవాళ్లను, 2000 మి.గ్రా. వాడేవాళ్లను ఒకే గుంపులో పెట్టొచ్చా? లేక డోసును విడిగా గణాంక మోడల్‌లో చేర్చాలా? మందు ఇంకా మొదలుపెట్టని వాళ్లు ఉచిత షుగర్ పరీక్షల క్యాంపుల్లో దొరుకుతారా? టైప్ 1 గుంపులో పిల్లలే ఎక్కువ, టైప్ 2లో యాభై దాటినవాళ్లు. ఈ వయసు తేడా లెక్కలతో సరిదిద్దితే పోయేది కాదని నా అనుమానం.

ఇక ఎండ సంగతి. నమూనాలను మియాపూర్ నుంచి తార్నాక ల్యాబ్‌కు మే నెలలో తేవాలి. దారిలో వేడికి కొన్ని బాక్టీరియా పెరిగిపోతాయి. దాన్ని ఆపడానికి 95 శాతం ఇథనాల్ (ఆల్కహాల్) పనికొస్తుంది, 70 శాతం నమ్మలేం. కానీ బ్యూటిరేట్ (పేగు బాక్టీరియా తయారుచేసే ఒక పదార్థం) కొలవడానికి ఇథనాల్ కలపని భాగం కూడా కావాలి. దాన్ని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ చేరేదాకా డ్రై ఐస్ లేకుండా కాపాడే మార్గం ఎవరైనా చెప్పగలరా?