కార్తీక పౌర్ణమికి అరుణాచలం వెళ్తే మహాదీపం కనబడుతుందా?

కందుకూరువాసి (అక్టోబరు 2025)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్ళో ఒక ట్రావెల్స్ వారు ‘కార్తీక పౌర్ణమి అరుణాచల మహాదీప దర్శన యాత్ర’ పేరుతో కరపత్రాలు పంచుతున్నారు. నవంబరు 5వ తేదీ ఉదయం ఇక్కడ బయలుదేరి, దారిలో కాణిపాకం, వేలూరు దగ్గరి శ్రీపురం స్వర్ణ దేవాలయం చూపించి, రాత్రికి తిరువణ్ణామలై చేర్చి, తెల్లవారేలోగా గిరిప్రదక్షిణ పూర్తి చేయించి వెనక్కి తీసుకువస్తామని అందులో ఉంది. మా అమ్మగారికి డెబ్బై ఏళ్ళు దాటాయి. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యేదాకా శనివారం వస్తే మాలకొండ నరసింహస్వామి దగ్గరికి వెళ్ళకుండా ఉండని మనిషి. కొండ శిఖరం మీద వెలిగే ఆ దీపాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని ఎన్నాళ్ళుగానో అంటున్నారు కాబట్టి టికెట్లు తీసుకుందామనుకున్నాను.

అయితే చెన్నైలో స్థిరపడిన మా బంధువు ఒకరు, ఆ రోజున అక్కడ దీపం వెలిగించరని, వచ్చినా చీకటి కొండనే చూసి వెళ్ళాలని ఫోనులో చెప్పారు. కార్తీక దీపం కార్తీక పౌర్ణమినాడు కాక మరెప్పుడు వెలిగిస్తారో నాకు అర్థం కాలేదు. ఇందులో ఏది నిజం? రెండో సందేహం, పౌర్ణమి రద్దీలో 14 కిలోమీటర్లు అమ్మగారు నడవగలరా? నడవలేకపోతే వేరే మార్గం ఏముంది? వెళ్ళి వచ్చినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పంచాంగప్రియ, నెల్లూరు

మీ బంధువు చెప్పింది నిజం. మనది చాంద్రమానం, వారిది సౌరమానం. మనకు దీపావళి అమావాస్య వెళ్ళిన మర్నాడు కార్తీకం మొదలై, పదిహేనో రోజున పౌర్ణమి వస్తుంది. తమిళులకు సూర్యుడు వృశ్చిక రాశిలో ప్రవేశించినప్పుడు, అంటే నవంబరు 16, 17 తేదీల ప్రాంతంలో కార్తిగై మాసం మొదలవుతుంది. ఆ మాసంలో పౌర్ణమికి దగ్గరగా కృత్తికా నక్షత్రం ఉన్న రోజున అరుణాచలం మీద మహాదీపం వెలిగిస్తారు. మన కార్తీక పౌర్ణమి ఆ సంక్రమణానికి ముందే వచ్చేస్తే, తమిళుల లెక్కలో అది ఇంకా ఐప్పసి (కార్తిగైకి ముందరి నెల) పౌర్ణమే. ఆ రోజు అక్కడి శివాలయాలలో లింగానికి అన్నాభిషేకం జరుగుతుంది గాని, కొండ మీద దీపం ఉండదు. దీపం ఆ తరువాతి పున్నమి దగ్గరికి, అంటే మన మార్గశిర పౌర్ణమి దగ్గరికి వెళ్తుంది.

గత సంవత్సరాలు చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చి ఆ తరువాతి మన పండుగలన్నీ ఆలస్యంగా వచ్చాయి కాబట్టి నవంబరు 26న మహాదీపం, దాన్ని ఆనుకునే మన కార్తీక పౌర్ణమి వచ్చాయి. ఆ ఏడాది వెళ్ళినవారు రెండూ ఎప్పుడూ ఒకటేనని అనుకోవడం సహజం. 2024లో మన పౌర్ణమి నవంబరు 15న, అక్కడి దీపం డిసెంబరు 13న వచ్చాయి. ఈ ఏడాది మన పౌర్ణమి నవంబరు 5న, మహాదీపం డిసెంబరు 3న. వచ్చే 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి రెండూ మళ్ళీ నవంబరు నెలాఖరులో కలుస్తాయి.

ఆ కరపత్రంలో ఇంకొక లోపం ఉంది. పౌర్ణమి తిథి నవంబరు 4వ తేదీ రాత్రి పదిన్నర దాటాక మొదలై, 5వ తేదీ సాయంత్రం ఏడు గంటలలోపే ముగుస్తుంది. 5న ఉదయం కందుకూరులో బయలుదేరి, రెండు క్షేత్రాలు చూసుకుని రాత్రికి తిరువణ్ణామలై చేరే బస్సులోని వారికి దీపం మాట అటుంచండి, పౌర్ణమి తిథి కూడా దక్కదు. తిథి పట్టింపు ఉన్నవారు 4వ తేదీ రాత్రికే అక్కడ ఉండాలి. మాలకొండ స్వామి శనివారం తప్ప తలుపు తీయడని మన పిల్లలకు కూడా తెలుసు. అరుణాచలేశ్వరుడికీ అలాగే తన పంచాంగం ఉంది, యాత్ర నడిపేవారైనా దాన్ని ఒకసారి తిరగేయాలి.

వేదగిరి_పెన్నాతీరం

పై సభ్యులు తిథుల సంగతి చక్కగా చెప్పారు కాబట్టి నేను నడక గురించి రాస్తాను. ప్రదక్షిణ సాధారణంగా తూర్పు రాజగోపురం ముందు మొదలుపెడతారు. శ్రీకృష్ణదేవరాయలు ఆరంభించి, తంజావూరు నాయకరాజు సేవప్ప పూర్తి చేసిన ఆ పదకొండు అంతస్తుల గోపురం 217 అడుగుల ఎత్తు ఉంటుంది. కొండను కుడివైపు ఉంచుకుని, రోడ్డుకు ఎడమ పక్కగా, చెప్పులు లేకుండా నడుస్తారు. కొండ వైపు దారి సిద్ధులకూ దేవతలకూ విడిచిపెట్టాలని పెద్దలంటారు. ఇంద్రలింగం, అగ్నిలింగం దాటాక శేషాద్రిస్వామి ఆశ్రమం, రమణాశ్రమం వస్తాయి. తరువాత యమ, నిరృతి, వరుణ లింగాలు, అడి అణ్ణామలై ఆలయం, ఆపైన వాయు, కుబేర లింగాలు, చివరగా ఈశాన్యలింగం దర్శించుకుని ఊళ్ళోకి వస్తారు. ఆరోగ్యవంతులకు నాలుగైదు గంటల నడక. తొమ్మిది నెలలు నిండిన మహారాణి నడిచినంత నిదానంగా నడవాలని రమణ మహర్షి చెప్పేవారట.

మామూలు రోజు రాత్రి ఈ నడక ఎంతో హాయిగా ఉంటుంది. పౌర్ణమినాడు ఆ హాయిని ఆశించకండి. దారి పొడవునా దీపాలు, తాగునీరు, అన్నదానాలు ఉంటాయి గాని, రాజగోపురం దగ్గరా లింగాల దగ్గరా అడుగు తీసి అడుగు వేయడం కష్టమవుతుంది. ఎక్కడైనా కూర్చుందామన్నా వెనుకనుంచి జనం తోసుకుంటూ వస్తూనే ఉంటారు. ఇక మహాదీపం రోజు సంగతి చెప్పనక్కరలేదు. ఊరికి వచ్చే ప్రతి దారిలోనూ బయటే తాత్కాలిక బస్టాండ్లు పెట్టి వాహనాలను ఆపేస్తారు. అక్కడి నుంచి గుడికి చేరడమే పెద్దవారికి ఒక ప్రదక్షిణ అవుతుంది.

అందుకని నా సలహా ఏమిటంటే, మీరు నవంబరు 5కీ వెళ్ళవద్దు, డిసెంబరు 3కీ వెళ్ళవద్దు. ఆ దీపం ఒక్కరోజుతో కొండెక్కదు. నిలువెత్తు కొప్పెరలో వేల కిలోల నెయ్యి పోసి, గుడ్డతో చేసిన ఒత్తి వేసి వెలిగించే ఆ జ్యోతి పదకొండు రోజులు ప్రతి రాత్రీ కనిపిస్తుంది. ఈసారి డిసెంబరు 3 బుధవారం. పౌర్ణమి తిథి 4వ తేదీ ఉదయం వచ్చి 5 తెల్లవారుజామున పోతుంది. దీపం తరువాత రెండో రోజున అరుణాచలేశ్వరుడే ఉత్సవమూర్తిగా గిరిప్రదక్షిణకు బయలుదేరతాడు. ఆయన అలా కొండ చుట్టూ తిరిగేది ఏడాదికి రెండుసార్లే, కాబట్టి అప్పటిదాకా జనం తగ్గరు. ఆ వెంటనే శని, ఆదివారాల తాకిడి ఉంటుంది. 8వ తేదీ సోమవారం నుంచి 11 గురువారం లోపల వెళ్ళారంటే జ్యోతీ ఉంటుంది, రోడ్డు మీద కూర్చోవడానికి చోటూ ఉంటుంది. ఆ రోజుల్లో ఆటోలు ప్రదక్షిణ దారిలో తిరుగుతూ ప్రతి లింగం దగ్గరా ఆపుతాయి. అమ్మగారిని ఆటోలో కూర్చోబెట్టి, ఓపిక ఉన్నంత మేర, రమణాశ్రమం నుంచి యమలింగం దాకానో మరెక్కడో, కాసేపు నడిపించవచ్చు.

కనిగిరి మిత్రుడు

పౌర్ణమి ఘడియలలోనే దర్శనం చేసుకోవాలన్నది అమ్మగారి పట్టుదల అయితే, నవంబరు 5న అంత దూరం పోనక్కరలేదు. సి.ఎస్.పురం మండలంలో భైరవకోన ఉండనే ఉంది. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రకిరణాలు అక్కడి అమ్మవారి మీద పడతాయని నమ్మి చుట్టుపక్కల మండలాల వారంతా ఆ రోజు కోనకు చేరుకుంటారు. కందుకూరు నుంచి పామూరు మీదుగా వెళ్ళి అదే రోజు తిరిగి రావచ్చు. అరుణాచలానికి ఇది ప్రత్యామ్నాయమని నేను అనను గాని, వయసు మీరినవారిని పగలంతా బస్సులో కూర్చోబెట్టి రాత్రంతా నడిపించే యాత్ర కంటే ఇది మేలు.

కందుకూరువాసి

అందరికీ కృతజ్ఞతలు. ట్రావెల్స్ వారిని అడిగితే, కార్తీక పౌర్ణమికి దీపం లేకపోవడమేమిటండీ అని నన్నే ఎదురు ప్రశ్నించారు. టికెట్లు తీసుకోలేదు. డిసెంబరు 9న వెళ్ళి 11న తిరిగి వచ్చేలా ఏర్పాటు చేసుకుంటున్నాను. అమ్మగారు ఒక మాట అడగమన్నారు. ఆటోలో తిరిగితే ప్రదక్షిణ చేసినట్టేనా అని ఆవిడ బెంగ. నాకు కొండ మీదికి వెళ్ళి దీపాన్ని దగ్గరగా చూడాలని ఉంది. అది కుదురుతుందా?

వేదగిరి_పెన్నాతీరం

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. శిఖరం మీదికి వెళ్ళే ఆలోచన మానుకోండి. 2024 డిసెంబరు మొదట్లో ఫెంజల్ తుపాను వానలకు కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడి ఏడుగురు చనిపోయారు. ఆ ఏడాది దీపానికి భక్తులను కొండ ఎక్కనివ్వలేదు. నెయ్యి, కొప్పెర మోసేవారూ సిబ్బందీ మాత్రమే వెళ్ళారు. తరతరాలుగా ఆ దీపాన్ని వెలిగించే హక్కు పర్వతరాజకులం వారిది. వారు చేసే పనిని కింద నుంచి చూడటమే మనకు తగినది. దగ్గరగా చూడాలనే కోరిక మరీ బలంగా ఉంటే దీపపు మసి కోసం ప్రయత్నించండి. జ్యోతి కొండెక్కాక కొప్పెరలోని మసిని తీసి, ధనుర్మాసంలో వచ్చే ఆరుద్ర దర్శనం రోజున నటరాజస్వామికి అలంకరించి, ఆ తరువాత భక్తులకు ఇస్తారు.

అమ్మగారి బెంగకు శాస్త్రం చెప్పగల వాడిని కాను. అరుణాచలాన్ని తలచుకుంటేనే ముక్తి అని చెప్పే చోట, మోకాళ్ళ నొప్పితో ఆటో ఎక్కినందుకు లెక్క తగ్గుతుందని నేను అనుకోను. మొదట రాజగోపురం ముందు నాలుగడుగులు, చివర ఈశాన్యలింగం దగ్గర నాలుగడుగులు నడిపించండి, ఆవిడ మనసు కుదుటపడుతుంది.

ప్రయాణం విషయంలో ఒక మాట. బస్సులో రాత్రంతా కూర్చోకుండా, 8నే బయలుదేరి ఆ రాత్రికి తిరుపతిలో ఆగి, మర్నాడు కాట్పాడి మీదుగా విల్లుపురం వెళ్ళే లైనులో రైలెక్కితే తిరువణ్ణామలైలోనే దిగవచ్చు. సాయంత్రం ఆరు గంటలకు జ్యోతి వెలుగుతుంది. ఆరుకు ముందే గది నుంచి బయటికి వచ్చి, శిఖరం కనిపించే చోట అమ్మగారికి ఒక కుర్చీ సంపాదించండి. డిసెంబరు కాబట్టి శాలువా, మబ్బు పట్టే కాలం కాబట్టి గొడుగు తప్పక పెట్టుకోండి. మొదటి సాయంత్రం మేఘం అడ్డం వస్తే రెండో సాయంత్రం చూడవచ్చు, మీరు ఎలాగూ రెండు రాత్రులు ఉంటున్నారు.