ఇంట్లోనే పెరిగిన పిల్లిని సురక్షితంగా ఆరుబయటికి తీసుకెళ్లడం ఎలా?

కిటికీ దగ్గర కూర్చుని పక్షులను చూస్తూ గంటలు గడిపే మా పిల్లికి గాలిని, గడ్డిని ప్రమాదం లేకుండా పరిచయం చేయాలని నా కోరిక. రేబిస్ టీకా, తప్పిపోతే గుర్తించేందుకు చర్మం కింద పెట్టే మైక్రోచిప్, పిడుదుల మందు పూర్తయ్యాయి. మెడపట్టీకి తాడు కడితే గొంతు బిగుసుకునే ప్రమాదం ఉన్నందున, ఛాతీ చుట్టూ బిగించే హార్నెస్‌ను ముందుగా ఇంట్లోనే అలవాటు చేస్తున్నాను. అయితే బెదిరిన పిల్లి వెనక్కి నడుస్తూ, భుజాలు కుదించుకుని అందులోంచి జారిపోగలదు. నన్ను అన్నిటికన్నా భయపెడుతున్నది ఇదే. సన్నని పట్టీలకు బదులు ఒంటిని కప్పే జాకెట్ రకం హార్నెస్ దీనిని నిజంగా ఆపుతుందా, లేక బాల్కనీ మొత్తానికి గట్టి వల బిగించడమే మేలా? వల వాడేవారు, పిల్లి పళ్లకు, గోళ్లకు తెగనిది ఏ రకమో దయచేసి తెలపండి. బయటి రుచి మరిగాక తలుపు తీసినప్పుడల్లా దూసుకుపోకుండా మీ పిల్లులకు ఎలా నేర్పారు?