స్టేషన్‌కి సోయుజ్ 3 గంటల్లో చేరితే డ్రాగన్‌కి 28 గంటలెందుకు?

నింగిచూపు

శుభాంశు శుక్లా వెళ్ళిన యాక్సియం-4 డ్రాగన్ (స్పేస్‌ఎక్స్ నౌక) 2025 జూన్ 25న బయల్దేరి, సుమారు 28 గంటల తర్వాత ఐఎస్ఎస్‌కి, అంటే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తగులుకుంది. 2020 అక్టోబర్‌లో రష్యా నౌక సోయుజ్ ఎంఎస్-17 అదే స్టేషన్‌కి 3 గంటల 3 నిమిషాల్లో చేరింది. రాకెట్ పని రెండింటికీ పది నిమిషాల లోపే అయిపోతుంది. మరి మిగతా టైమంతా ఎక్కడ పోతోంది? డ్రాగన్ ఇంజన్లలో బలం తక్కువా, లేక నాసా జాగ్రత్త ఎక్కువా?

ఇంకో సందేహం. డ్రాగన్ తనంతట తనే వచ్చి తగులుకుంటుంది, సిగ్నస్ అనే అమెరికా సరుకు నౌకని మాత్రం రోబో చేయి పట్టుకుని బిగిస్తుంది. ఒకే స్టేషన్‌కి రెండు పద్ధతులు ఎందుకు? లెక్కలతో చెప్పగలిగితే ఇంకా మంచిది.

---

రెండోదశ

ఇంజన్ల బలానికీ దీనికీ సంబంధం లేదండి. రాకెట్ లేచిన క్షణంలో స్టేషన్ ఎక్కడుంది అన్నదే అసలు సంగతి.

రెండు విషయాలు కుదరాలి. మొదటిది కక్ష్యాతలం, అంటే స్టేషన్ తిరిగే దారి ఉన్న తలం. స్టేషన్ భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో తిరుగుతుంది. భూమి తిరుగుతూ లాంచ్ ప్యాడ్‌ని ఆ తలం కిందికి తెచ్చిన క్షణంలోనే రాకెట్ లేవాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే భూమి పావు డిగ్రీ తిరిగిపోతుంది. ఆ తేడా సరిచేయడానికి సుమారు 26 మీ/సె వేగమార్పు కావాలి, అంటే వృథా ఇంధనం. పైగా కక్ష్యాతలం కూడా రోజుకు సుమారు 5 డిగ్రీలు పడమరకు జరుగుతుంది కాబట్టి ప్రయోగ సమయం రోజూ 24 నిమిషాల దాకా ముందుకు వస్తుంది. వాయిదా పడినప్పుడు కొత్త టైమ్ అంత వింతగా కనిపించేది అందుకే.

రెండోది ఫేజ్ యాంగిల్. తలం సరిగ్గా కుదిరినా, ఆ తలంలో స్టేషన్ ఎక్కడైనా ఉండొచ్చు: కాస్త ముందుండొచ్చు, భూమికి అవతలి పక్కనా ఉండొచ్చు. దాన్ని అందుకోవాలంటే వేగం పెంచితే పని జరగదు, కక్ష్య పెద్దదై ఇంకా వెనకబడతాం. కింది కక్ష్యలో తిరగాలి, అక్కడ చుట్టు త్వరగా పూర్తవుతుంది. దీనికో సులువైన సూత్రం ఉంది: ఎత్తులో 1 కి.మీ. తేడాకి ఒక చుట్టులో 9.4 కి.మీ. దూరం కలిసొస్తుంది (3 × π). స్టేషన్ 420 కి.మీ.లో, నౌక 200 కి.మీ.లో ఉంటే తేడా 220. చుట్టుకి సుమారు 2,070 కి.మీ., అంటే 17.5 డిగ్రీలు.

ఇక మీ లెక్క మీరే చూసుకోండి. రెండు చుట్ల 3 గంటల ప్రయాణం కావాలంటే స్టేషన్ మహా అయితే 35 డిగ్రీల ముందుండాలి. అదే 200 డిగ్రీల ముందుంటే పదకొండున్నర చుట్లు, దాదాపు 17 గంటలు.

డ్రాగన్ విషయంలో దీనికి రుజువు కళ్ళముందే ఉంది. ఎప్పుడూ 28 గంటలేం పట్టదు. డెమో-2కి 19 గంటలు, క్రూ-4కి 16, క్రూ-5కి 29, 2025 ఆగస్టులో క్రూ-11కి 15. నౌక అదే, ఇంజన్లవే. మారింది ఫేజ్ ఒక్కటే.

రష్యన్లు చేసేది వేరు. ప్రయోగానికి ముందే స్టేషన్ కక్ష్యను రీబూస్టులతో (ఇంజన్లు మండించి ఎత్తు పెంచడం) సర్ది, ఆ తేదీకి స్టేషన్ సరైన కోణంలో ఉండేట్టు చూసుకుంటారు. తేదీ తప్పితే ఆ సర్దుబాటంతా పోయినట్టే. 2024 మార్చి 21న సోయుజ్ ఎంఎస్-25 సుమారు 20 సెకన్లు మిగిలుండగా బ్యాటరీ వోల్టేజ్ పడిపోయి ఆగింది. 23న లేచింది, కానీ పాత రెండు రోజుల దారిలో వెళ్ళి 25న చేరింది. అదే రాకెట్, అదే సిబ్బంది.

---

కర్స్‌రాడార్

పై లెక్కకి ఒక సవరణ. 35 డిగ్రీలనేది కాగితం మీది గరిష్ఠం. రెండు చుట్లూ అట్టడుగునే తిరిగితే చివర్లో 220 కి.మీ. ఎక్కడానికి టైమ్ ఉండదు. ఎక్కుతున్న కొద్దీ కలిసొచ్చే దూరం తగ్గిపోతుంది కాబట్టి నిజమైన కోణం దానికన్నా బాగా తక్కువే.

ఇంకోటి, రష్యన్లకు కూడా ఇది మొదటినుంచీ లేదు. దశాబ్దాల పాటు రెండు రోజులు, 34 చుట్లే పద్ధతి. 2012 ఆగస్టులో రష్యా సరుకు నౌక ప్రోగ్రెస్ ఎం-16ఎం మొదట 6 గంటల్లో వెళ్ళింది. మనుషులతో ఆ దారిలో మొదటిది 2013 మార్చిలో సోయుజ్ టీఎంఏ-08ఎం. రెండు చుట్ల దారిని 2018 జులైలో ప్రోగ్రెస్ ఎంఎస్-09 మొదట చేసి చూపింది, 3 గంటల 40 నిమిషాల్లో. ఎప్పుడైనా ముందు సరుకు నౌక మీద, తర్వాతే మనుషుల మీద. ఈ క్రమశిక్షణ నాకు చాలా ఇష్టం.

తొందర దారిలో తప్పు సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. 2014 మార్చిలో టీఎంఏ-12ఎం 6 గంటల దారిలో బయల్దేరింది. ఇంజన్ మూడో దహనం సమయానికి నౌక ఉండాల్సిన దిశలో లేదు, దహనం జరగలేదు. దాంతో స్టేషన్‌ని అందుకునే అవకాశం పోయి రెండు రోజుల దారికి మారారు. నౌకలో ఆక్సిజన్, ఆహారం ఎప్పుడూ ఆ పొడవాటి దారికి సరిపడా ఉంచేది ఇందుకే.

---

ప్యాడ్39

అమెరికా వైపు కారణం కూడా చెప్పాలి. మనుషులున్న డ్రాగన్ లేవాలంటే ఫ్లోరిడాలోని కెన్నెడీ ప్రయోగ కేంద్రంలో వాతావరణం బాగుంటే చాలదు. మధ్యలో అబార్ట్ అయితే (ప్రయోగం ఆపి తప్పించుకోవాల్సి వస్తే) క్యాప్సూల్ అట్లాంటిక్‌లో దిగాలి, కాబట్టి దారి పొడవునా ఐర్లండ్ వైపు దాకా అలలు, గాలి చూస్తారు. అందువల్ల వాయిదాలు మామూలే. 3 గంటల ఫేజ్‌కి ఒక తేదీని కట్టేసుకుంటే ప్రతి వాయిదాకీ స్టేషన్‌ని మళ్ళీ సర్దాలి. దానికన్నా ఏ కోణం ఉన్నా వెళ్ళగలిగేలా ప్లాన్ చేసుకోవడం మేలు. నా దృష్టిలో ఇది సరైన నిర్ణయమే. కజకస్తాన్‌లోని బైకనూర్ నుంచి లేచే సోయుజ్ అబార్ట్ అయితే చాలావరకు నేల మీదే దిగుతుంది, వాళ్ళకి ఈ బాధ లేదు.

---

బెర్తింగ్‌బోల్ట్

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. డాకింగ్ (నౌక తనే వచ్చి తగులుకోవడం), బెర్తింగ్ (చేయి పట్టుకుని బిగించడం) రెండూ ఒకే పనికి రెండు దారులు కావు, అవసరాలే వేరు.

బెర్తింగ్‌లో సిగ్నస్ స్టేషన్ కింది నుంచి వచ్చి సుమారు 10 మీటర్ల దూరంలో నిలబడుతుంది. అక్కడ థ్రస్టర్లు (నౌకను అటూ ఇటూ జరిపే చిన్న ఇంజన్లు) ఆపేస్తారు. స్టేషన్ రోబో చేయి, 17 మీటర్ల కెనడార్మ్2 చివర ఒక గొట్టం ఉంటుంది, లోపల మూడు తీగలు. నౌక మీది గ్రాపిల్ పిన్ ఆ గొట్టంలోకి దూరగానే తీగలు తిరిగి పిన్ చుట్టూ ముడిపడి లోపలికి లాగుతాయి. పట్టేటప్పుడు థ్రస్టర్ మండితే చేయికే ప్రమాదం, అందుకే ముందు ఆపడం. తర్వాత నౌకను యూనిటీ మాడ్యూల్ అడుగు పోర్టుకి తెచ్చి, 4 లాచీలు దగ్గరికి లాగాక, 16 మోటారు బోల్టులు బిగుస్తాయి.

ఇంత తతంగానికి దక్కేది తలుపు సైజు. బెర్తింగ్ పోర్టు హ్యాచ్ 127 సెం.మీ. చదరం. డాకింగ్ పోర్టులో దారి 80 సెం.మీ. గుండ్రం. మీటరు పైన వెడల్పుండే పరికరాల ర్యాకు 80లో దూరదు. చిన్న సరుకుకి తేడా లేదు: ప్రామాణిక సరుకు సంచీ సుమారు 50 × 42 × 25 సెం.మీ., ఎందులోంచైనా వెళ్తుంది. జపాన్ వాళ్ళ సరుకు నౌక హెచ్‌టీవీ 2020 దాకా బెర్తింగ్‌కే వచ్చేది, 2025 అక్టోబర్‌లో వచ్చిన హెచ్‌టీవీ-ఎక్స్ కూడా అంతే.

మరి మనుషుల నౌకకి ఇదే ఎందుకు పెట్టరంటే, బోల్టులు విప్పి చేయితో తీసి వదలడానికి గంటలు పడుతుంది. మంటో గాలి లీకో అయితే సిబ్బంది లోపల కూర్చుని నిమిషాల్లో విడిపోవాలి. అది డాకింగ్‌తోనే సాధ్యం. చేయి నడిపే మనిషి కూడా ఆ నౌకలోనే ఎక్కాల్సి ఉంటుంది కదా!

రష్యా పోర్టులకి ఇంకో సామర్థ్యం ఉంది. డాకింగ్ వలయంలోనే ఇంధనం, ఆక్సిడైజర్ గొట్టాలు విడివిడిగా ఉంటాయి. ప్రోగ్రెస్ తగులుకున్నాక ముందు ఆ కలయికకి లీక్ పరీక్ష చేస్తారు, తర్వాత ఇంధనం ఎక్కిస్తారు, విడిపోయే ముందు గొట్టాల్లో మిగిలింది శూన్యంలోకి ఊదేస్తారు. అవి రెండూ కలిస్తే నిప్పు అక్కర్లేకుండానే మండే రసాయనాలు. ఊదకుండా విడదీయకూడదు.

సరుకు నౌకల్లో పెద్ద ఎత్తున కిందికి సరుకు తేవడం మాత్రం కార్గో డ్రాగన్ పనే. ప్రోగ్రెస్, సిగ్నస్ చెత్తతో నింపుకుని వాతావరణంలో కాలిపోతాయి.

---

నింగిచూపు

అద్భుతంగా చెప్పారు అందరూ, ధన్యవాదాలు. రెండో ప్రశ్నే సరిగ్గా అడగలేదని ఇప్పుడర్థమైంది. మరి ఇంత పకడ్బందీగా ఉన్నప్పుడు తప్పు ఎక్కడ జరుగుతుంది? చివరి 200 మీటర్లలోనా?

---

కర్స్‌రాడార్

ప్రమాదం అక్కడే ఎక్కువ, కానీ తప్పు చాలాసార్లు ముందే మొదలవుతుంది.

డ్రాగన్ ముందు స్టేషన్‌కి 400 మీటర్ల కింద ఆగుతుంది. తర్వాత 220 మీటర్ల ముందుకి, ఆ తర్వాత 20 మీటర్లకి. ప్రతి చోటా భూమి మీది కంట్రోల్ నుంచి అనుమతి రావాలి. స్టేషన్ చుట్టూ 200 మీటర్ల గోళంలోకి సరే అనకుండా ఎవరూ అడుగుపెట్టరు. తాకే వేగం సెకనుకి కొన్ని సెంటీమీటర్లే. మెత్తని వలయం పట్టుకున్నాక 12 కొక్కేలు బిగుస్తాయి, మధ్య ఖాళీలో గాలి నింపి లీక్ చూస్తారు. హ్యాచ్ తెరిచేసరికి ఇంకో గంటన్నర, రెండు గంటలు.

జరిగిన వాటిలో అన్నిటికన్నా ఘోరం 1997 జూన్ 25, రష్యా పాత స్టేషన్ మిర్ దగ్గర. 7 టన్నుల ప్రోగ్రెస్ ఎం-34ని, నౌకను దానంతట అదే దగ్గరికి తెచ్చే కర్స్ రాడార్ ఆపేసి, టీవీ తెర చూస్తూ చేత్తో నడిపి చూశారు. దూరం, వేగం చెప్పే కొలత తెర మీద లేదు. వెనక మబ్బులతో నిండిన భూమి ఉంటే అందులో మిర్ ఎంత సైజులో కనిపిస్తోందో పోల్చుకోవడం కష్టం. నౌక వేగంగా వచ్చి స్పెక్టర్ మాడ్యూల్‌ని గుద్దింది, గాలి పోవడం మొదలైంది. హ్యాచ్ మూయాలంటే దాని గుండా పోతున్న కేబుళ్ళు అడ్డం. వాటిని తెంచి మూతపెట్టాకే గాలి నిలిచింది. తెరిచి ఉన్న తలుపులోంచి కేబుల్ లాగితే ముందే విడగొట్టే కనెక్టర్ పెట్టాలన్నది ఆ రోజు గట్టిగా తెలిసొచ్చింది.

2019 ఆగస్టు 24న సోయుజ్ ఎంఎస్-14, లోపల మనుషులు లేరు. నౌక బాగానే ఉంది, స్టేషన్ వైపు పోయిస్క్ అనే రష్యా మాడ్యూల్ పోర్టుకి సంబంధించిన కర్స్ యాంప్లిఫయర్ చెడింది. నౌక దిక్కు నిలుపుకోలేక వెనక్కి వెళ్ళింది. పరిష్కారం చక్కగా ఆలోచించారు: 26న సిబ్బంది అప్పటికే స్టేషన్‌కి తగిలి ఉన్న ఎంఎస్-13లో కూర్చుని, ఇంకో రష్యా మాడ్యూల్ జ్వెజ్డా పోర్టు నుంచి పోయిస్క్‌కి చేత్తో మార్చారు, ఖాళీ అయిన జ్వెజ్డాకి 27న ఎంఎస్-14 తగులుకుంది.

బోయింగ్ మనుషుల నౌక స్టార్‌లైనర్ 2024 జూన్ 6న దగ్గరకొస్తుంటే 28 చిన్న థ్రస్టర్లలో 5 ఆగిపోయాయి. నాలుగు మళ్ళీ పనిచేశాక డాకింగ్ అయింది. తర్వాత నేల మీద పరీక్షల్లో తేలింది ఏమంటే, థ్రస్టర్లను గుదిగుచ్చిన అరల్లో వేడి పెరిగి, టెఫ్లాన్ సీలు ఉబ్బి ఆక్సిడైజర్ దారికి అడ్డుపడింది. సెప్టెంబర్‌లో నౌకని ఖాళీగా దించారు.

2025 సెప్టెంబర్‌లో సిగ్నస్ ఎక్స్‌ఎల్‌ది ఇంకో రకం. కక్ష్య పెంచే దహనంలో ప్రధాన ఇంజన్ మధ్యలో ఆగింది. ఇంజన్ చెడలేదు. సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్న రక్షణ హద్దు మరీ బిగువుగా ఉంది. 17న రావాల్సింది 18న వచ్చింది. ఒక్కరోజు ఆలస్యంతో పోయిందంటే ముందు చెప్పిన ఫేజ్ వెసులుబాటు వల్లే.

---

సూళ్ళూరుపేట్_లైన్

మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఇస్రో డాకింగ్ ప్రయోగం స్పేడెక్స్‌ని కూడా దీని పక్కన పెట్టి చూడండి. ఇక్కడ చర్చించినవన్నీ చిన్న స్థాయిలో అందులో ఉన్నాయి.

2024 డిసెంబర్ 30న పీఎస్ఎల్‌వీ-సీ60 మీద ఒక్కోటి 220 కిలోల రెండు ఉపగ్రహాలు. ఫేజ్ సమస్యే రాకుండా రెండింటినీ ఒకే రాకెట్‌లో పంపి, కొద్ది కిలోమీటర్లు విడిపోనిచ్చి, మళ్ళీ దగ్గరకు తెచ్చారు. ఆగే చోట్లు 5 కి.మీ., 1.5 కి.మీ., 500, 225, 15, 3 మీటర్లు. తాకే వేగం సెకనుకి 10 మిల్లీమీటర్ల స్థాయిలో.

225 మీటర్లకి తెస్తుండగా ఊహించినదానికన్నా డ్రిఫ్ట్ (దానంతట అదే జరిగిపోవడం) ఎక్కువొచ్చింది. గ్రౌండ్ స్టేషన్లకి కనిపించని సమయం దాటాక అది బయటపడింది. డాకింగ్ వాయిదా వేశారు. జనవరి 12న 15 మీటర్లకి, 3 మీటర్లకి తెచ్చి చూసి, కొలతలు తీసుకుని వెనక్కి పంపేశారు. 16న డాకింగ్. 3 మీటర్ల దగ్గర దాకా వచ్చి కూడా వెనక్కి తీసుకోగలగడం తాకించడం కన్నా ముందు నేర్వాల్సిన పని.

మార్చి 13న విడదీశారు. ఏప్రిల్ 20న మళ్ళీ కలిపారు, ఈసారి 3 మీటర్ల దగ్గర ఆపకుండా 15 మీటర్ల నుంచి నేరుగా దానంతట అదే వెళ్ళింది. మర్నాడు ఒక ఉపగ్రహం నుంచి ఇంకోదానికి కరెంటు పంపి చూశారు.