లివర్‌లో చీముగడ్డ: కల్చర్ రాకముందే మెరోపెనెమ్ మొదలుపెట్టొచ్చా?

పల్నాడు అబ్బాయి:
మా మామయ్యకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి. స్కాన్‌లో లివర్‌లో 6 సెంటీమీటర్ల గడ్డ, ప్లీహంలో చిన్నచిన్న గడ్డలు కనిపించాయి. ఆస్పత్రిలో చేర్చిన రోజే మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ ఎక్కించారు. రెండు రోజులయ్యాక చీము తీసి కల్చర్‌కు (బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు) పంపితే ఏమీ పెరగలేదు. జ్వరం తగ్గింది కానీ ఏ బ్యాక్టీరియానో తెలియదు, మందు ఎన్నాళ్లు వాడాలో ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. ముందే అంత పెద్ద మందు ఇవ్వడం సబబేనా?

రాత్రి డ్యూటీ (ఐసీయూ డాక్టర్):
సబబే. మన దగ్గర ఈ.కోలి, క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా చాలావరకు మామూలుగా వాడే యాంటీబయాటిక్ సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగడం లేదు. 2018లో వచ్చిన మెరినో ట్రయల్‌లో అలాంటి మొండి బ్యాక్టీరియా రక్తంలో ఉన్నవాళ్లకు మెరోపెనెమ్ ఇస్తే 30 రోజుల్లో 3.7 శాతం మంది, పైపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే మరో యాంటీబయాటిక్ ఇస్తే 12.3 శాతం మంది చనిపోయారు. షుగర్ పేషెంట్‌కు బీపీ పడిపోతుంటే రిపోర్టు కోసం ఎదురుచూడమని నేను చెప్పలేను.

కల్చర్ ప్లేట్ (మైక్రోబయాలజీ):
డాక్టర్ గారూ, ఆ ట్రయల్‌లో చేర్చుకున్నదే కల్చర్‌లో సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదని తేలినవాళ్లను. అంటే అది కల్చర్ చేయడం ఎంత అవసరమో చెప్పే ట్రయల్. ప్రతి గడ్డకూ కళ్లుమూసుకుని మెరోపెనెమ్ ఇవ్వమని అందులో లేదు. ఇలా వాడబట్టే మన పెద్ద ఆస్పత్రుల్లో దొరికే క్లెబ్సియెల్లాలో సుమారు సగం మెరోపెనెమ్‌నూ లెక్కచేయని స్థితికి వచ్చింది. మెరోపెనెమ్‌ను విరగ్గొట్టే ఎన్‌డీఎం ఎంజైమ్ ఉన్న బ్యాక్టీరియా అయితే సెఫ్టజిడైమ్-అవిబాక్టమ్‌తో పాటు అజ్ట్రియోనామ్ కలిపి ఇవ్వాలి. దాని ఖర్చు ఎన్ని కుటుంబాలు మోయగలవు?

ఈ కేసులో నా భయం వేరే. షుగర్, లివర్‌తో పాటు ప్లీహంలోనూ గడ్డలు అంటే మెలియాయిడోసిస్ గురించి ఆలోచించాలి. 2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరుస మరణాలప్పుడు పేపర్లలో వచ్చిన పేరు అదే. మట్టిలో, నీళ్లలో ఉండే బ్యాక్టీరియాతో వచ్చే జబ్బు. ల్యాబుల్లో ఆ బ్యాక్టీరియాను సూడోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియాగా రాసేయడం, పనికిరాని మురికి అని పారేయడం మామూలే. జెంటామైసిన్, కొలిస్టిన్ రెండూ పనిచేయక, అమాక్సిసిలిన్-క్లావులనేట్ మాత్రం పనిచేస్తే అనుమానించాలి.

తాలూకా సర్జన్:
మీ ఇద్దరూ పెద్దూరి మాటలు చెబుతున్నారు. మా దగ్గర కల్చర్ శాంపిల్ బస్సులో జిల్లా కేంద్రానికి వెళ్లాలి. కల్లు, సారా అలవాటున్న మగవాళ్లలో మేం చూసే గడ్డలు ఎక్కువగా అమీబావి, మెట్రోనిడజోల్‌తో తగ్గిపోతాయి. వాళ్లకు మెరోపెనెమ్ దండగ. బ్యాక్టీరియా గడ్డ 5 సెంటీమీటర్లు దాటితే పిగ్‌టెయిల్ (సన్నని గొట్టం) వేసి చీము బయటికి తీయాలి. అది తీయకుండా ఎంత ఖరీదైన మందైనా అరకొరగానే పనిచేస్తుంది.

కల్చర్ ప్లేట్:
సర్, బస్సులో పంపినా పర్వాలేదు. మొదటి డోసుకు ముందు రెండు చేతుల నుంచీ రక్తం తీసి కల్చర్ బాటిళ్లలో వేయండి, పది నిమిషాల పని. ఆ బాటిళ్లు బయటే ఉంచాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చీము దూదిపుల్లతో కాకుండా సిరంజితో తీసి పంపండి. ఫారమ్ మీద ‘మెలియాయిడోసిస్ అనుమానం’ అని రాస్తే ల్యాబ్‌వాళ్లు ఆ బ్యాక్టీరియా పెరగడానికి తగ్గ ప్లేటు వేస్తారు.

రాత్రి డ్యూటీ:
రక్తం ముందు తీయాలన్నది ఒప్పుకుంటాను. కానీ షాక్‌లో ఉన్న మనిషికి గంటలోపు మందు పడాల్సిందే, చీము తీసే మనిషి ఊళ్లో లేడని ఆపను. నిలకడగా ఉన్నవాళ్ల విషయంలోనే మన తేడా. అక్కడ కూడా సెఫ్ట్రియాక్సోన్ మీద నాకు నమ్మకం పోయింది.

కల్చర్ ప్లేట్:
నిలకడగా ఉంటే ముందు శాంపిల్, తర్వాతే మందు. దీని మీద నేను తగ్గను.

అబ్బాయీ, మీ మామయ్యకు రక్తం, మూత్రం, గొంతు శాంపిళ్లు మళ్లీ పంపమని అడుగు. పిగ్‌టెయిల్ ఇంకా ఉంటే కొత్త చీము కూడా. మెలియాయిడోసిస్ అని తేలితే కొన్ని వారాలు ఇంజెక్షన్లు, ఆ తర్వాత కనీసం 3 నెలలు కోట్రైమోక్సజోల్ మాత్రలు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. దీన్నే టీబీ అనుకుని ఆ మందులు మొదలుపెట్టబోతే, రుజువేమిటని అడగడానికి మొహమాటపడొద్దు.

పల్నాడు అబ్బాయి:
పిగ్‌టెయిల్ ఇంకా ఉంది. రేపు పొద్దున రౌండ్స్‌లో అడుగుతాను సార్, రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను.