సాడిల్ పీక్ ఎక్కాలని ఉంది, తిరుమల మెట్లెక్కే అలవాటు చాలదా?

ప్రశ్న (కడప నుంచి):
అన్నా, జనవరిలో నలుగురం అండమాన్ పోతాండాం. డిగ్లిపూర్ దగ్గర సాడిల్ పీక్ ఎక్కి సముద్రం చూడాలని ఉంది. మా అక్క కూడా వస్తాది, యాభై దాటింది, మోకాళ్ల నొప్పులున్నాయి. తిరుమలకు ఎప్పుడూ నడిచే పోతాం. గండికోటలో ఎండకు తిరిగినోళ్లమే. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే సరిపోతాదా?

జవాబు (ప్రొద్దుటూరు నుంచి):
ఎనిమిదికి వద్దు తమ్ముడూ. అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. అందుకే అక్కడ పొద్దు మనకంటే దాదాపు గంట ముందు పొడుస్తుంది, గంట ముందే గుంకుతుంది. జనవరిలో సాయంత్రం ఐదు దాటగానే సూర్యుడు పోతాడు. చెట్ల కింద చీకటి ఇంకా ముందే పడుతుంది. తెల్లారగానే నడక మొదలయ్యే లామియా బే గేటు దగ్గరుండండి. అటవీశాఖ అనుమతి, గైడు సంగతి ముందురోజే మాట్లాడుకోండి.

శిఖరం 732 మీటర్లు, ఆ దీవులన్నిటిలోకీ ఎత్తైనది. పోయేదానికే సుమారు ఎనిమిది కిలోమీటర్లు. మొదట తీరం వెంబడి నడక, తర్వాత అడవిలో నిట్టనిలువు ఎక్కుడు. ఎత్తు చూస్తే ఇంచుమించు అలిపిరి నుంచి తిరుమల ఎక్కినట్టే. కానీ అక్కడ 3,550 మెట్లెక్కి మనం బస్సులో దిగుతాం. ఇక్కడ వేర్లు, రాళ్ల మీద కాలినడకనే దిగాలి. తొడలు వణికేది అప్పుడే. ఈ రెండు నెలల్లో వీలైనన్నిసార్లు అలిపిరి మెట్లు ఎక్కి, నడిచే దిగండి.

గండికోట ఎండ లెక్కలోకి రాదు. మన ఎండలో చెమట వెంటనే ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ముప్పై డిగ్రీలకే కళ్లు తిరుగుతాయి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, శెనక్కాయల ఉంటలు పెట్టుకోండి. తలనొప్పి, వికారం మొదలైతే శిఖరం ఎంత దగ్గరున్నా వెనక్కి తిరగండి.

ఇంకొకటి, దారి పొడుగునా సముద్రం కనపడుతుందని అనుకోవద్దు. దట్టమైన అడవి, చెట్ల సందుల్లో కనపడినప్పుడే చూడాలి. ఆ నీలం చూస్తే మాత్రం పడిన కష్టం గుర్తుండదు.

మరో జవాబు (పులివెందుల నుంచి):
అక్కను కొండెక్కించొద్దు నాయనా. ఆ రోజు ఆమెను ఏరియల్ బే జెట్టీ నుంచి పడవలో రాస్, స్మిత్ దీవులకు పంపండి, తోడుగా ఒకరు పోండి. రెండు దీవుల్నీ కలుపుతూ ఇసుక తిన్నె ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. వాగుల్లో మాత్రం ఎవరూ దిగొద్దు, ఉప్పునీటి మొసళ్లుంటాయి.

ప్రశ్నించినవారు:
చాలా సంతోషం అక్కా, అన్నా. పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన మరుసటి రోజే ఎక్కొచ్చా?

ప్రొద్దుటూరు:
కుదరదు. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి డిగ్లిపూర్‌కు బస్సులో ఒక పగలంతా పోతుంది. దారిలో జార్వాలనే ఆదివాసీలుండే అడవిలో బండ్లన్నీ కాన్వాయ్‌గానే పోవాలి, ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు. వాళ్ల బతుకు వాళ్లది, ఆ మాట గట్టిగా పాటించండి. డిగ్లిపూర్ చేరినాక ఒక రోజు కాళ్లకు విశ్రాంతి ఇచ్చి మూడోరోజు ఎక్కండి. బూట్లు కొత్తవి వద్దు, ఇప్పుడే కొని ఇక్కడి కొండల్లో తొడిగి అలవాటు చేసుకోండి.