ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు వీడియో గేమ్‌ల తయారీ నేర్పించాలా?

పాఠశాల కమిటీ సభ్యుడు, కావలి:

మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడు, ఎనిమిది తరగతుల వారికి శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు వీడియో గేమ్‌ల తయారీ నేర్పిద్దామని ప్రధానోపాధ్యాయులు ప్రతిపాదించారు. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు కోడింగ్ (కంప్యూటరుకు ఆదేశాలు రాయడం) కృత్యాలు ఉండాలని చెప్పిందని, ఇందుకు కావలసిన, పిల్లలు కంప్యూటరులో ఆటలు తయారుచేసుకునే స్క్రాచ్ అనే సాధనం ఉచితమని ఆయన వాదన. తల్లిదండ్రుల సమావేశంలో చాలామంది వద్దన్నారు. కమిటీ ఏదో ఒకటి తేల్చాలి కనుక, మీ అభిప్రాయాలను కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత గణితోపాధ్యాయుడు, ఒంగోలు:

నేను దీనికి వ్యతిరేకిని. రెండంకెల సంఖ్యతో భాగహారం చేయలేని పిల్లలు ఎనిమిదో తరగతిలో ఎందరు ఉన్నారో పాఠం చెప్పినవారికి తెలుసు. ఉన్న సమయంలో రెండు పీరియడ్లు తీసి ఆటలకు ఇస్తే పదో తరగతికి వచ్చేసరికి ఆ లోటును ఎవరు పూడుస్తారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ వీడియో గేమ్‌ల వ్యసనాన్ని రుగ్మతగా గుర్తించి, 2022 నుంచి అమలులోకి వచ్చిన తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసింది. ఇంత జరిగాక బడే గేమ్‌లకు ఆమోదముద్ర వేస్తే, ఇంట్లో ఫోను లాక్కునే తల్లి మాటకు విలువ ఏం మిగులుతుంది?

గణితోపాధ్యాయుడు, ఇందుకూరుపేట మండలం:

మాస్టారి భయాలు నిజమైనవే, వాటిని కొట్టిపారేయను. కాని ఆట ఆడే పిల్లవాడు, ఆటను తయారుచేసే పిల్లవాడు ఒకే పని చేస్తున్నారని అనుకోవడం దగ్గరే నాకు పేచీ.

ముందు లెక్కల సంగతి చెబుతాను. స్క్రాచ్‌లో తెర మధ్య బిందువు సున్నా. కుడి అంచు 240, ఎడమ అంచు -240, పైన 180, కింద -180. నిరూపక జ్యామితి తొమ్మిదో తరగతి పాఠమే అయినా, బొమ్మను ఎడమ మూలకు పంపవలసి వచ్చిన ఏడో తరగతి పిల్ల అక్కడ రుణ సంఖ్య ఎందుకు పెట్టాలో తానే అడిగి తెలుసుకుంటుంది. గెంతే బొమ్మ ఇంకా మంచి పాఠం. మొదట 12 అడుగులు పైకి లేపి, తరువాత ప్రతిసారీ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ పోతే వేగం 11, 10 అని పడిపోతూ సున్నాకు చేరి, అక్కడి నుంచి -1, -2 అని రుణ సంఖ్యల్లోకి దిగుతుంది. బొమ్మ పైన ఆగి కిందికి రావడం పిల్లల కళ్ల ముందే జరుగుతుంది. మా తరగతిలో ఒక జట్టు 80 ఎత్తులో గట్టు కట్టి, బొమ్మ దాని మీదికి ఎందుకు ఎక్కడం లేదో తెలియక తల పట్టుకు కూర్చుంది. చివరకు ఒక అమ్మాయి 12 నుంచి 1 వరకు నోటు పుస్తకంలో కూడి, 78 మాత్రమే వస్తోందని చూపించింది. 13తో మొదలుపెడితే 91 వస్తుందని లెక్క కట్టాకే వాళ్లు మళ్లీ కంప్యూటరు ముందుకు వెళ్లారు. కూడికలు ఇస్తే విసుక్కునే పిల్లలే వీళ్లు.

ఇక వ్యసనం. పిల్లలను కట్టిపడేసేవి చాలావరకు ఆటలో కావాలని అమర్చిన ఏర్పాట్లు: రోజూ తెరిస్తేనే దక్కే బహుమతి, లోపల ఏముందో తెలియని పెట్టె, గెలుపు వెంట్రుకవాసిలో తప్పిపోయినట్టు చూపించడం. అలాంటి పెట్టెను ఎనిమిదో తరగతి పిల్లల చేతనే తయారు చేయించాలని నా అభిప్రాయం. 1 నుంచి 20 వరకు ఏదో ఒక సంఖ్య పడాలి, 20 పడితేనే బహుమతి అని వాళ్లే రాస్తారు. ఆ 20 అనే పై హద్దును 100కు మార్చి బహుమతి దక్కే అవకాశాన్ని తగ్గించడానికి క్షణం పట్టదని, ఆడేవాడికి ఆ మార్పు కనిపించనే కనిపించదని కూడా వాళ్లే చూస్తారు. డబ్బు పెట్టి ఆడే యాప్‌ల గురించి మనం చెప్పే హితబోధ కన్నా ఇది లోతుగా నాటుకుంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కంప్యూటర్లు చాలవన్న మాట కూడా వినిపిస్తూ ఉంటుంది. మొదటి కొన్ని వారాలు వాటితో పనే లేదు. 3 పులులు, 15 మేకలతో పులి–మేక ఆడించండి. తరువాత మేకలను తగ్గించి ఆడించి, ఎవరు ఎన్నిసార్లు గెలిచారో రాయించండి. రెండు పక్షాలకూ గెలిచే వీలు ఉండేలా నియమాలను సరిదిద్దుకోవడం ఈ విద్యలో ముఖ్యభాగం, దానికి సుద్దముక్క చాలు.

మా వైపు రొయ్యల గుంటలు ఎక్కువ. పగలు నీటిలోని పాచి ఎండ సాయంతో ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ పాచి, రొయ్యలు కలిసి దాన్ని వాడేస్తాయి కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. పిల్లలు దీన్నే ఆటగా మలిచారు. నీటిలో గాలి కలిపే యంత్రం ఏరేటర్ వేస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది, వేయకపోతే రొయ్యలు పైకి తేలతాయి, మేత ఎక్కువైతే అది అడుగున కుళ్లి ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. తండ్రి అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టు మీద ఎందుకు తిరుగుతాడో తెలిసిన పిల్లలు కనుక, ఆ నియమాలను నాకన్నా బాగా రాశారు.

ఒక తల్లి, చీమకుర్తి:

మా ఇంట్లో ఫోను ఒకటే ఉంది, సాయంత్రమైతే అది మా అబ్బాయి చేతిలోనే ఉంటుంది. ఏడో తరగతి చదివే మా అమ్మాయికి గంట సేపు కూడా అందదు. బడిలో నేర్పకపోతే ఆటలు ఆడేవాళ్లూ, రేపు వాటిని తయారుచేసే ఉద్యోగాలకు వెళ్లేవాళ్లూ మగపిల్లలే అవుతారు. అందుకే మా పాపకు ఈ తరగతి కావాలని నేను అడుగుతున్నాను.

విశ్రాంత గణితోపాధ్యాయుడు, ఒంగోలు:

అమ్మా, మీరు చెప్పిన విషయం నా దృష్టికి రాలేదు, దానికి నా దగ్గర జవాబు లేదు. ఇందుకూరుపేట మాస్టారి 78 లెక్క కూడా నాకు నచ్చింది. అయినా నా అభ్యంతరం పూర్తిగా తొలగలేదు. గణితం తెలిసిన ఉపాధ్యాయుడు పక్కన ఉన్నారు కాబట్టి ఆ తప్పు పాఠమైంది. అలాంటివారు లేని బడిలో పిల్లలు రంగురంగుల బొమ్మలు మార్చుకుంటూ రెండు పీరియడ్లు గడిపేస్తారు. పైగా పరీక్ష పెట్టి మార్కులు వేయడం మొదలైతే గైడ్లు వస్తాయి, ఆ గైడ్లలోని ఆటనే పిల్లలు బట్టీ పడతారు. గణితం పీరియడ్లను తీసి ఇవ్వడానికి మాత్రం నేను ఎప్పటికీ ఒప్పుకోను.

గణితోపాధ్యాయుడు, ఇందుకూరుపేట మండలం:

మార్కులు వద్దన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. గణితం పీరియడ్లు కూడా తీయనక్కరలేదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు వృత్తివిద్యల పరిచయం కోసం పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఉండాలని అదే విద్యా విధానం చెప్పింది. మొదటి ఏడాది ఆ రోజుల్లోనే దీన్ని నడిపి చూడవచ్చు. నేర్పేవారి విషయంలో మాస్టారు చెప్పింది నిజం, గణితం లేదా భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు తరగతిలో కూర్చోవడానికి ఒప్పుకోని బడిలో దీన్ని మొదలుపెట్టకపోవడమే మేలు.

కావలి కమిటీ వారికి ఒక మనవి. చీమకుర్తి అమ్మగారి మాటను తీర్మానంలోనే చేర్చండి. ఒక్కో కంప్యూటరుకు ముగ్గురేసి కూర్చుంటే మౌస్ మగపిల్లల చేతికి పోతుంది, బొమ్మలకు రంగులు ఎంచే పని ఆడపిల్లలకు మిగులుతుంది. పావుగంటకొకసారి చేతులు మారాలని, ప్రతి ఆటలోనూ నియమాలు రాసే వంతు ప్రతి ఒక్కరికీ రావాలని మొదటిరోజే చెప్పి గోడ మీద రాసి పెట్టండి.